తలతో ఊఁ కొట్టేవాళ్ళు

ఏప్రిల్ పదహారు, మంగళవారం. ఆ పొద్దున మా ఇంట్లో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు. గుడ్లు నాలుగు, తినేవాళ్ళం నలుగురం. మా అమ్మాయి తన గుడ్డులోని పచ్చసొన తీసి మేనమామ పళ్ళెంలోకి తోసింది. వాడు చూడనట్టే చూసి నోట్లో వేసుకున్నాడు. నా భార్య అది గమనించి, నావైపు తిరిగి చేతులతో అంది: "ముప్పై ఏళ్ళొచ్చాయి. పక్కవాళ్ళ పళ్ళెంలో ఏముందా అనే చూపు ఇంకా పోలేదు వీడికి."

వాడు వెంటనే చేతులు తుడుచుకుని అందుకున్నాడు. "నీ పళ్ళెంలోకి మాత్రం చూడనులే అక్కా. నీ వంట సంగతి నాకు తెలుసు."

ఆ ఇంట్లో మేం నలుగురం కలిసి నవ్విన ఆఖరి పొద్దు అది. అందుకే తేదీ గుర్తుంది.

నా భార్యకూ ఆమె తమ్ముడికీ పుట్టుకతోనే వినబడదు. ముగ్గురం ఒకే అచ్చాఫీసులో పనిచేసేవాళ్ళం. నేను మేడ మీద ప్రూఫులు దిద్దేవాణ్ణి. కింద బైండింగులో ఆమె ఫారాలు, అంటే మడతపెట్టిన అచ్చు కాగితాల కట్టలు, కుట్టేది, వాడు కటింగ్ మిషను నడిపేవాడు. వాళ్ళలాంటివాళ్ళు బైండింగులో మొత్తం పదకొండు మంది. పాత యజమాని వాళ్ళని ఏరికోరి పెట్టుకున్నాడు. దయ అనుకునేరు, అదేం కాదు. ఆ మిషన్ల మోతకి చెవులున్నవాళ్ళు రెండేళ్ళు నిలిచేవాళ్ళు కాదు, తలనొప్పులని మానేసేవాళ్ళు. వీళ్ళకి ఆ గొడవ లేదు. మేం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకునే చోట వాళ్ళు గది ఈ మూల నుంచి ఆ మూలకి గుసగుసలాడుకునేవాళ్ళు. సూది లాగే రెండు కుట్ల మధ్య ఒక మాట, ఇంకో రెండు కుట్లయ్యాక దానికి జవాబు.

వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చేతిపేర్లతో పిలుచుకునేవాళ్ళు. చూపుడు వేలి కొనని బొటనవేలితో నొక్కితే, సూది గుచ్చుకున్నట్టు, అది నా భార్య. పాదంతో నేల తడితే మా బావమరిది. బ్లేడు మొద్దుబారినా, బోల్టు వదులైనా అందరికన్నా ముందు వాడి అరికాలికి తెలిసేది. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్నట్టు చూపిస్తే నేను. కొత్త మేనేజరు వచ్చిన వారానికే అతనికీ పేరు పడిపోయింది: రెండు వేళ్ళతో ముక్కు మూసుకోవడం. మొదటిరోజు బైండింగులోకి వచ్చి, జిగురు వాసనకి అలాగే మూసుకుని నిలబడ్డాడు మరి.

ఆ మంగళవారం అతను గోడకి ఒక నోటీసు పెట్టించాడు. "పని వేళల్లో చేతులతో సైగలు చేయరాదు. చేసినవారిపై కఠిన చర్య తీసుకొనబడును." అచ్చుకి వెళ్ళేముందు దాని ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. "కఠిన"లో ఠ పొట్టలో చుక్క లేకపోతే పెట్టి, పక్కన నా పొడి సంతకం చేసి పంపించాను.

పంపించాక మాత్రం మేనేజరు గదికి వెళ్ళాను.

"ఏం మాస్టారూ, మీ ఆవిడ పంపించిందా?" అన్నాడు. కూర్చోమన్నాడు. "మీరే చెప్పండి. నా ముందు నిలబడి నన్నే తిట్టుకుంటే నాకెలా తెలుస్తుంది?"

"తిట్టరండీ. పని గురించే మాట్లాడుకుంటారు. మీరూ నాలుగు మాటలు నేర్చుకుంటే..."

"నేనా? వాళ్ళ దగ్గరా?" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే గుమాస్తాని కేకేసి నాకు టీ తెప్పించాడు. "జూన్‌కల్లా బడిపుస్తకాలు బయటికి పోవాలి మాస్టారూ. మీలాంటి పెద్దమనిషి నాకు అడ్డం రాకూడదు."

ఎవరైనా నాకు టీ తెప్పిస్తే ఇక నాకు నోరు పెగలదు. చిన్నప్పటినుంచీ అంతే. తాగి, దండం పెట్టి వచ్చేశాను.

వారం తర్వాత ఒక పొద్దున, కుట్టుడు బల్లల దగ్గర, వాళ్ళందరిలోకీ చిన్నదైన ఒకామె పక్కామె పైబట్ట కొస మిషను బెల్టు వైపు జారడం చూసింది. ఆ చిన్నామెని వాళ్ళు పొడుగు మెడ అనేవాళ్ళు. బల్ల మీద గట్టిగా చరిచి, చేతులతో "వెనక్కి, వెనక్కి" అంది. పక్కామె వెనక్కి దూకింది. బట్ట చిరిగింది, మనిషి మిగిలింది. మేస్త్రీ కంటికి మాత్రం గాల్లో ఆడుతున్న ఆ చేతులే కనబడ్డాయి.

బైండింగులో ఫారాలు కుట్టడానికి వాడే నూలు టేపు ఉంటుంది, వేలెడు వెడల్పుది. మేస్త్రీ ఆ టేపుతోనే ఆ అమ్మాయి మణికట్లు రెండూ కలిపి కట్టాడు. కట్టిన కొసని జిగురు బల్ల కాలికి ముడేశాడు. మొహం గోడవైపు తిప్పి కింద కూర్చోబెట్టాడు.

"చెవిటి మాలోకానికి ఇవాళ్టితో మూగతనం కూడా పట్టింది" అన్నాడు.

నవ్వారు. అందరూ కాదు, చాలామంది. ఆ నవ్వినవాళ్ళలో మా అమ్మాయి జ్వరంతో పడుకున్నప్పుడు పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

తొమ్మిదిన్నర నుంచి అన్నం బెల్లు దాకా ఆమె అలాగే ఉంది. ఎవరితోనూ ఏమీ అనలేదు, ఎవరు ఏమంటున్నారో చూడనూలేదు. ఎదుట సున్నం రాలిన గోడ, అంతే. పదింటికి ఫారాల కోసం కిందికి దిగినప్పుడు నేను చూశాను. జిగురు కాచే ముసలాయన, మాలాగే వినబడేవాడే, కుంచె జారిపోయినట్టు వంగి, మేస్త్రీ అటు తిరగగానే టేపు ఒక చుట్టు వదులు చేశాడు. అదీ చూశాను. లోకంలో ఇంకా మనుషులున్నారనిపించి నా కళ్ళు చెమర్చాయి. ఆ ఊరటని పట్టుకుని, ఫారాలు చంకలో పెట్టుకుని, మెట్లెక్కి పైకి పోయాను.

సాయంత్రం ఇంటికొచ్చాక నా భార్య కాళ్ళు కడుక్కోకుండానే నా ఎదుట నిలబడింది.

"నువ్వు కిందికొచ్చావు. చూశాను."

వాళ్ళ భాషలో నువ్వు, మీరు అని రెండు లేవు. చూపుడు వేలు ఒకటే. మర్యాదంతా ముఖంలో ఉంటుంది. ఆమె ముఖంలో అది నాకు ఎప్పుడూ ఉండేది.

"ముసలాయన ముడి వదులు చేశాడు" అన్నాను.

"చేశాడు. ముడి అలాగే ఉంచాడు. చిన్నప్పుడు బళ్ళో నా చేతులు ఇలాగే కట్టేవాళ్ళు, నోటితో పలకడం నేర్చుకోవాలని. అప్పుడూ ఒక టీచరమ్మ ఉండేది, వదులుగా కట్టేది. ఆమెని ఇప్పటికీ తలుచుకుంటాను. కానీ నాకిప్పుడు టీచరమ్మ అక్కర్లేదు."

బావమరిది గుమ్మంలోంచి కల్పించుకున్నాడు. "బావా, రేపు మా సెక్షనుకి రా. మేమందరం నిద్రపోతాం."

నిద్ర కాదు. మర్నాడు పదకొండు మందీ వేళకి వచ్చారు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. మిషన్లు మొదలయ్యాయి. అప్పుడు పదకొండు మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

వినబడనివాడు కళ్ళు మూసుకుంటే ఇక వాడికి ఎవరూ ఏమీ చెప్పలేరు. మేస్త్రీ అరిచాడు. భుజాలు పట్టి కుదిపాడు. మేనేజరు దిగివచ్చి పలక మీద సుద్దతో రాసి ఒక్కొక్కరి ముందూ పట్టాడు. మూసిన కళ్ళ ముందు పలక పట్టుకుని వరస పొడుగునా నడుస్తున్న ఆ మనిషిని చూసి వినబడేవాళ్ళకే నవ్వాగలేదు. పలక మీద ఏం రాశాడో ఇంకా గుర్తే: "కళ్ళు తెరవవలెను."

వాళ్ళు అడిగినవి రెండే. నోటీసు తీసెయ్యాలి. మేస్త్రీ పొడుగు మెడకి క్షమాపణ చెప్పాలి, అదీ చేతులతో చెప్పాలి. ఆ సైగ కావాలంటే మేమే నేర్పుతాం అన్నారు. ఈ రెండూ కాగితం మీద రాసి నా భార్య తన రవిక మీద సూదితో గుచ్చుకుని కూర్చుంది.

వాళ్ళందరి వేళ్ళ మధ్యనుంచి ఒక కుట్టుదారం పోయింది, మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా. ఒకసారి లాగితే "ఉన్నాను". రెండుసార్లు లాగితే "ఉన్నావా?" బావమరిది మధ్యమధ్యలో మూడుసార్లు లాగేవాడట, "ఆకలేస్తోంది" అని. అది చివరిదాకా పోయి మళ్ళీ వాడి దగ్గరికే వచ్చేదట.

రెండోరోజు మధ్యాహ్నం మేస్త్రీకి దారం కనబడింది. కత్తెర తెచ్చి, తొందరపడకుండా, ప్రతి ఇద్దరి మధ్యా ఒక్కో చోట కత్తిరించుకుంటూ పోయాడు. పది కత్తిరింపులు. కత్తిరించిన ప్రతిచోటా ఆ వేళ్ళు దారాన్ని రెండుసార్లు లాగాయి. అవతలినుంచి ఏమీ రాలేదు. మళ్ళీ లాగాయి. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. పక్కవాళ్ళు కళ్ళు తెరిచేశారో, లేచి పనిలోకి పోయారో, తానొక్కతే మిగిలిందో, ఎవరికీ తెలిసే దారి లేదు. ఒక్క రెప్ప ఎత్తితే తెలిసిపోతుంది. పదకొండు మందిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి మేస్త్రీకి పిచ్చెక్కినట్టయింది. నా భార్య దగ్గరికి వచ్చి బొటనవేళ్ళతో ఆమె రెప్పలు విప్పాడు. ఆమె నల్లగుడ్లు పైకి తిప్పేసింది, తెల్లగా. అతను చేతులు వెనక్కి లాక్కుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మూడోరోజు లేబర్ ఆఫీసరు వచ్చాడు. వస్తున్నాడని ముందురాత్రే తెలిసి, ఆ పొద్దున పదకొండు మందీ కళ్ళు మూసుకోకుండా మేనేజరు గదికి వచ్చారు.

ఆయన మంచివాడు. ఈ మాట నేను ఎగతాళిగా అనడం లేదు. మేనేజరు గదిలోకి అడుగు పెట్టగానే పదకొండు మందికీ కుర్చీలు వేయించాడు. చాలకపోతే తనది తీసి ఇచ్చి బల్ల అంచున ఆనుకున్నాడు. "చేతులు కనబడాలి కదా, వెలుతురు రానివ్వండి" అని తనే లేచి కిటికీ రెక్కలు తెరిచాడు. అప్పటిదాకా ఎవరూ వాళ్ళ కోసం కిటికీ తెరవలేదు. బావమరిది నాకేసి చూసి చిన్నగా అన్నాడు, "ఈయన పనికొస్తాడు బావా."

"దుబాసీ మీరేనా?" అని ఆఫీసరు నన్ను అడిగాడు. "కూర్చోండి మాస్టారూ. టీ తాగి మొదలుపెడదాం."

తాగాం. మొదలుపెట్టాం. మేనేజరు ఇచ్చిన కాగితం ఆయన చేతిలో ఉంది. ఒక్కో అంశం చదువుతాడు, నేను చేతులతో చెప్తాను.

"ఒకటి. గత మూడు రోజులుగా పని ఆగినందున సంస్థకు ఇబ్బంది కలిగినది." చెప్పాను. పదకొండు తలలూ మెల్లగా ఊగాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనకి ఎవరైనా కథ చెప్తుంటే ఊఁ కొడతాం. ఊఁ కొట్టకపోతే చెప్పేవాడికి విసుగొస్తుంది, వింటున్నావా అని అడుగుతాడు. ఊఁ కొట్టామంటే కథలో రాక్షసుడు చేసినదంతా మనకి సమ్మతమని కాదు. వింటున్నాం, చెప్పు, అని. వినబడనివాళ్ళు ఆ ఊఁ తలతో కొడతారు. అందింది, తర్వాతది చెప్పు, అని. చెప్పేవాడి చేతులు ఆగేదాకా తమ మాట ఎత్తరు, అది వాళ్ళ మర్యాద. చేతులు ఆగాక అప్పుడు మొదలవుతుంది అసలు జవాబు. ఇరవై రెండేళ్ళు ఆమెతో కాపురం చేసినవాణ్ణి, నాకిది ఊపిరి తీసుకోవడమంత తెలుసు.

ఆఫీసరు తలలు ఊగడం చూశాడు. ఆ అంశం పక్కన ఏదో రాశాడు.

అచ్చాఫీసులో పాతికేళ్ళు పనిచేసినవాడు అక్షరాలని ఎటునుంచైనా చదువుతాడు. అద్దంలోలా, తలకిందులుగా, అడ్డంగా. బల్లకి ఇవతలినుంచి చూసినా ఆయన రాసింది నాకు తేటగా కనబడింది. "సమ్మతి."

తప్పు దిద్దడమే కదా నా ఉద్యోగం. అనాలి. నోటి దాకా వచ్చింది కూడా. అప్పటికే ఆయన రెండోది చదువుతున్నాడు, నా చేతులు పనిలో ఉన్నాయి. చివర్లో చెప్దాం, అన్నీ కలిపి ఒకేసారి, మర్యాదగా, అనుకున్నాను.

"రెండు. యంత్ర విభాగంలో వినికిడి లేనివారు ఉండుట ప్రమాదకరము." తలలు ఊగాయి. సమ్మతి.

"మూడు. వారి భద్రత దృష్ట్యా వారిని గోదాము ఎగుమతి, దిగుమతి పనులకు మార్చుట." ఊగాయి. సమ్మతి. నా భార్య పెదవులు బిగిశాయి, కళ్ళు చిన్నవయ్యాయి. కానీ తల ఊగింది: అందింది, చెప్పు, ఇంకా ఏమన్నాడో మొత్తం చెప్పు.

ఆఫీసరు నావైపు చూసి మెత్తగా నవ్వాడు. "ఎంత నెమ్మదస్తులండీ! గొడవ మనుషులని చెప్పి నన్ను ఊరికే భయపెట్టారు."

నేనూ నవ్వాను.

"నాలుగు. సైగల నిషేధము కొనసాగును. ఐదు. పై మార్పులు కార్మికులు స్వయముగా కోరుకున్నవి." సమ్మతి. సమ్మతి.

నా చేతులు ఆగాయి. వెంటనే నా భార్య చేతులు లేచాయి. "ఇప్పుడు మా మాట. ఒక్కొక్కదానికీ చెప్తాం. మొదటిది..."

"ఒక్క నిమిషం అమ్మా" అని ఆఫీసరు ఆమెకి అరచెయ్యి చూపించాడు, నొప్పించకుండా. కాగితం నావైపు తిప్పాడు. "ముందు మీ సంతకం. దుబాసీ సంతకం ఉంటే చాలు, వీళ్ళవి అక్కర్లేదు, రూలే అలా ఉంది. తర్వాత ఆమె చెప్పేదంతా తీరిగ్గా వింటాను."

నా భార్య అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. నావాటికన్నా బాగుండేవి. ఆ కాగితం మీద వాటికి చోటు లేదు. కలం మూత తీసి నా చేతికి అందించాడు ఆఫీసరు. నా టీ గ్లాసు పక్కకి జరిపి కాగితానికి చోటు చేశాడు.

సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఆమె చెప్పింది. చేతులు అంత బాగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కటింగ్ మిషను మీద పదేళ్ళలో తన తమ్ముడి సెక్షనులో ఒక్క వేలు తెగలేదని, వినబడేవాళ్ళ సెక్షనులో మూడు తెగాయని చెప్పింది. బెల్టు నుంచి ఒక మనిషిని కాపాడిన చేతులనే కట్టేశారని చెప్పింది. ఒక్క పొల్లు వదలకుండా నేను నోటితో చెప్పాను. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు, తల ఊపుతూ విన్నాడు. ఆయన ఒప్పుకుంటున్నాడని పదకొండు మందిలో ఒక్కరూ అనుకోలేదు. వింటున్నాడని మాత్రమే అనుకున్నారు.

"ఇవన్నీ వేరే అర్జీలో పెట్టుకోమనండి" అన్నాడు చివరికి.

అప్పుడు అన్నాను. "సార్, ఒక చిన్న సవరణ. వాళ్ళు తల ఊపింది ఒప్పుకుని కాదు. మనం ఊఁ కొడతామే, అలాగ."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగుంది! తల ఊపితే కాదని, అడ్డంగా తిప్పితే ఔననీనా?"

ఆఫీసరు నవ్వలేదు. కాగితం కేసీ నా కేసీ చూశాడు. "ఈ మాట మొదటి అంశం దగ్గరే చెప్పాలి కదండీ మాస్టారూ" అన్నాడు, బాధగానే. "ఐదు అయ్యాయి. మీ సంతకమూ అయింది." కలం మూత పెట్టి జేబులో గుచ్చుకున్నాడు.

బయట వరండాలో బావమరిది నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నాడు బావా చివర్లో?"

"రాసుకున్నాడు" అన్నాను.

సోమవారం నోటీసు బోర్డు మీద నకలు అంటించారు. నా సంతకంతో సహా. పదకొండు మందికీ చదువొచ్చు కదా, చదువుకున్నారు. ముందు నా భార్య చదివింది. ఆమె వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి చెప్పలేదు, పక్కకి తప్పుకుని చోటిచ్చింది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నా పక్కనే నడిచింది. ఇంట్లోకి వచ్చేసరికి మా అమ్మాయి వంటింట్లో గిన్నెలు తోముతోంది. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పని దానిది, ఆవేళ పగటి డ్యూటీ అయిపోయింది. తల్లి మొహం చూసి గిన్నె కింద పెట్టింది.

"నీకు తలకిందులుగా చదవడం వచ్చు" అంది నా భార్య. అదే చూపుడు వేలు. ముఖంలో ఏమీ లేదు.

"వచ్చు."

"ఆయన రాస్తుంటే చదివావా?"

నేను తల ఊపాను. నా ఊపుకి మాత్రం ఒకటే అర్థం.

మా అమ్మాయే నోటితో అడిగింది. "ఎందుకు నాన్నా? ఏమన్నా ఇస్తానన్నాడా? బెదిరించాడా?"

"లేదమ్మా. చాలా మర్యాదగా మాట్లాడాడు."

"బెదిరించి ఉంటే బాగుండేది నాన్నా" అంది.

తొమ్మిది మంది గోదాము పనికి పోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి అచ్చాఫీసు గేటు ముందు నిలబడేవాళ్ళు, కట్టిన చేతులు చూపిస్తూ. ఒకళ్ళ మణికట్లు ఒకళ్ళు ఆ నూలు టేపుతోనే కట్టుకునేవాళ్ళు. బావమరిదీ ఇంకొకాయనా మాత్రం లోపలికి వెళ్ళారు. "అందరం బయటుంటే మానేసి పోయారని రాసేస్తారు, కాలొకటి లోపల ఉండాలి" అన్నాడు వాడు. నేను రోజూ ఆ గేటులోంచే మేడ మీదికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు వాళ్ళలో ఎవరో ఇంకొకరికి నన్ను చూపించడం కంటపడింది. చెవి వెనక పెన్సిలు లేదు. మణికట్లు కట్టే ఉన్నా, కుడిచేతి వేళ్ళతో ఎడమ అరచేతిలో గీత గీసినట్టు చూపించింది. సంతకం. నా పేరు మారింది.

ఉత్తరాలు రాశాను. నాలుగు పెద్ద ఉత్తరాలు, పై ఆఫీసులకి. తప్పు నాదని, తల ఊపడం గురించి, ఊఁ కొట్టడం గురించి, అన్నీ. జవాబు ఒక్కదానికి వచ్చింది, ఒకటే వాక్యం: "మీ సంతకము రికార్డులో ఉన్నది." వాక్యంలో తప్పుల్లేవు.

గోదాము మట్టినేల. కటింగ్ మిషను దగ్గర గచ్చులోంచి ప్రతి అదురూ బావమరిది అరికాలికి ఎక్కేది. మట్టి వాడికి ఏమీ చెప్పలేదు. జూన్ రెండోవారంలో, బడిపుస్తకాల ఆఖరి కట్టలు ఎక్కిస్తుంటే, లారీ వెనక్కి వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడట. చాలాసార్లు కొట్టాడట. వాడి కుడిచెయ్యి లారీ తలుపుకీ గోడకీ మధ్య ఉండిపోయింది. మణికట్టు దాకా తీసేశారు.

ఆస్పత్రి మంచం మీద, ఎడమచేత్తో, వాడు మాతో మొదట అన్న మాట నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సగం సైగలే వస్తున్నాయి. రెండోసారి చేసి చూపించాడు. "ఇప్పుడు నాకు నత్తి అక్కా."

అక్క నవ్వింది. వాడి కోసం నవ్వింది, ఏడుపు నవ్వు కాదు, బాగానే నవ్వింది. నేను వరండాలోకి వెళ్ళిపోయాను.

మేనేజరు ఆస్పత్రికి రాలేదు. గుమాస్తాతో కబురు పంపాడు: గోదాము పని కార్మికులు తామే కోరుకున్నారు, ఐదో అంశం చూసుకోవచ్చు.

కేసు నాలుగేళ్ళు నడిచిందని ఇక్కడే చెప్పేస్తాను. నడిపింది వాళ్ళే. దుబాసీగా మా అమ్మాయి నిలబడింది. ప్రతి వాయిదాలో మొదటి మాటగా "వీళ్ళు తల ఊపితే విన్నారని రాయండి, ఒప్పుకున్నారని రాయకండి" అని చెప్పి, అది రికార్డులోకి ఎక్కిందో లేదో చూసి, ఆ తర్వాతే చేతులు ఎత్తేది. చివరికి నోటీసు పోయింది. ఐదు సమ్మతులూ కొట్టేశారు. తిరిగి మిషన్ల దగ్గరికి వెళ్ళింది మాత్రం ముగ్గురే, మిగతావాళ్ళు అప్పటికి చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. మేస్త్రీ క్షమాపణ సైగ నేర్చుకోలేదు.

ఆ పదకొండు మందీ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: వినబడేవాళ్ళ ముందు తల కదపకూడదు. మా ఇంట్లో వినబడేవాళ్ళం ఇద్దరం. అమ్మాయి ముందు నా భార్య తల మామూలుగానే ఊగేది. నేను చెప్తున్నప్పుడు మాత్రం బొమ్మలా ఉండేది. కూర తేవాలా అన్నా, కాలు నొప్పిగా ఉందన్నా, పక్కింటి పెళ్ళి కబురు చెప్పినా. అందిందో లేదో తెలియక చెప్పిందే చెప్పేవాణ్ణి, మధ్యలో ఆపేసేవాణ్ణి. ఆమె పోయేదాకా, పద్నాలుగేళ్ళు, అలాగే చెప్పాను. అన్నం పెట్టేది. జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది. నా చొక్కాలకి గుండీలు కుట్టేది. అన్నీ చేసింది, తల ఒక్కటి ఊపలేదు.

కేసు వేద్దామని అనుకున్నది ఆ జూన్ చివరి ఆదివారం, మా ఇంట్లోనే. బావమరిది ఆస్పత్రి నుంచి వచ్చి రెండు రోజులు. చీకటి పడే వేళకి పదకొండు మందీ ముందుగదిలో చేరారు. వాళ్ళొస్తారని తెలిసి నేను పొద్దుటే పాత బల్బు తీసి పెద్ద బల్బు పెట్టాను, చేతులు బాగా కనబడాలని. పక్కింటినుంచి రెండు బెంచీలు అడిగి తెచ్చాను. కుండలో నీళ్ళు నింపాను. మా అమ్మాయి వాళ్ళ మధ్యన కింద కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది.

నేను లోపలిగది గుమ్మంలో నిలబడ్డాను. పొడుగు మెడ ఏదో చెప్తోంది, వేగంగా, కోపంగా. అందరి తలలూ దానికి తగ్గట్టు ఊగుతున్నాయి. ఆ గదిలో చప్పుడు లేదు, కానీ పదిమంది ఒకేసారి మాట్లాడే సంతలా ఉంది. మధ్యలో ఆమె చూపు నామీద పడింది. చేతులు సగంలో ఆగి ఒళ్ళోకి దిగాయి. ఆమె చూసిన వైపు పక్కామె చూసింది. ఆమె చేతులూ దిగాయి. అలా ఒక్కొక్కరివే, చివరికి బావమరిది ఒంటిచెయ్యి కూడా. తలలు ఆగిపోయాయి. అందరూ నాకేసి చూస్తున్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. దారిన పోయేవాడు ఆగి చూస్తుంటే ఎప్పుడు పోతాడా అని ఎదురుచూస్తారే, అలా ఉన్నారు.

"నీళ్ళు కావాలా?" అని చేతులతో అడిగాను.

ఎవరూ కదల్లేదు.

నా భార్య లేచింది. బెంచీ తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, తోసినట్టు కాకుండా, ఒక అడుగు లోపలికి జరిపింది. ఆమె వెనకాల అప్పటికే ఎవరివో చేతులు మళ్ళీ లేస్తున్నాయి. వినబడనివాళ్ళ ఇంట్లో తలుపు వేసేది చూపుకి. ఆమె రెక్క అంచున అరచెయ్యి ఆనించి, చప్పుడేమైనా ఉంటే చేతికి తెలిసేట్టు, నెమ్మదిగా, మెత్తగా తలుపు వేసేసింది.